కలివికోడి: లేదనుకున్న పిట్టను లెక్కపెట్టేదెట్లా?

ఈ ఎపిసోడ్‌లో పాపులేషన్ అనే మాట పట్టుకుందాం. జనాభా అంటాం గానీ ఇక్కడ జనం కాదు, ఒకచోట బతికే ఒకే జాతి ప్రాణులు. సూత్రం తేలికే: పుట్టినవీ వచ్చి చేరినవీ కలపాలి, చచ్చినవీ వెళ్లిపోయినవీ తీసెయ్యాలి. మరి ఆ ప్రాణి కంటికే కనపడకపోతే?

ఒంటిమిట్ట రాములోరి గుడికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. అక్కడినుంచి పెన్న దాటితే సిద్దవటం, ఆ వెనక లంకమల. ఆ ముళ్లపొదల్లో కలివికోడి అనే పిట్ట ఉంది. జెర్డన్ అనే ఇంగ్లీషు సైనిక వైద్యుడి ద్వారా 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. వెతికినవాళ్లు వెతికారు, దొరకలేదు. అంతరించిందనే అనుకున్నారు. అడివిలో తిరిగే మనవాళ్లకు మాత్రం అది తెలిసిన పిట్టే!

1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా, రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. సలీం అలీ అంతటివాడు హుటాహుటిన బయలుదేరాడు గానీ, ఆయన వచ్చేలోపే పిట్ట చచ్చిపోయింది. ఇది రాత్రి తిరిగే పిట్టండీ. పగలు వెతికితే ఎట్లా దొరుకుతుంది? కనపడలేదు అన్నదాన్ని లేదు అని రాసుకున్నారు. రెండూ ఒకటి కాదు కదా.

అందుకే తర్వాత వచ్చినవాళ్లు పిట్ట కోసం కళ్లు చించుకోలేదు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే అడుగుల గుర్తులు చూశారు. రికార్డు చేసిన కూత వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. అట్లా తేలిందేమంటే, హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే దానికి ఇష్టం. పొదలన్నీ కొట్టేస్తే ఉండదు, మరీ దట్టమైనా ఉండదు. అంటే మేకలు మేసినంత మాత్రాన శత్రువులు కావు, ఎంత మేశాయన్నదే లెక్క. ఒక నేల ఎన్ని ప్రాణులను మోయగలదు అనే ప్రశ్న ఇక్కడ పొదల లెక్కగా మారింది.

మొత్తం పెద్ద పిట్టలు 50 నుంచి 249 లోపు అని అంచనా. ఇంత తక్కువున్నప్పుడు సూత్రంలో 'వచ్చి చేరినవి' అనే గడి ఖాళీ. లంకమలలో పోతే పూడ్చడానికి ఇంకోచోటు నుంచి వచ్చేవి మనకు తెలిసి లేవు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం సరిగ్గా ఆ పొదల్లోకే వచ్చింది. సీమకు నీళ్లు వద్దనేవాడు ఎవడూ లేడు. అయినా ఆ తవ్వకం ఆగింది, కాలువ దారి మార్చారు.