ఈ ఫారం ఏ దారిన వచ్చింది? కూపన్ ముక్క నుంచి కుకీ దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన చరిత్రంతా ఇక్కడ రాస్తున్నాను. ఎపిసోడ్ వినకపోయినా ఫరవాలేదు, ఇది విడిగా చదువుకోవచ్చు.

నేను న్యూజెర్సీలో చేసే ఉద్యోగం వినడానికి చాలా చిన్నది. వెబ్‌సైట్లో ఎవరైనా ఎంక్వైరీ ఫారం నింపితే, ఆ మనిషి ఏ ప్రకటన చూసి వచ్చారో లెక్క తేల్చడం. కూచిపూడి క్లాసులు, లెక్కల ట్యూషన్, టాక్స్ ఫైలింగ్, కేటరింగ్ నడిపే మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "గూగుల్‌కి కడుతున్నాం, ఫేస్‌బుక్‌కి కడుతున్నాం, సంఘం సావనీర్‌లో పేజీ కొన్నాం. వీటిలో దేన్ని ఆపేయమంటారు?" జవాబు తప్పితే, నిజంగా పిల్లల్ని తెచ్చిపెడుతున్న దారినే మూసేసుకుంటారు. ఇంటి లోన్ మీద నడిచే వ్యాపారాలకి అది చిన్న విషయం కాదు.

ఈ ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టిందనుకుంటాం గానీ, దీని వయసు వందేళ్ళ పైమాటే.

1872లో చికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ సరుకుల జాబితా అచ్చువేసి, పోస్టులో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. అలాంటి మెయిల్ ఆర్డర్ వ్యాపారాలు పెరిగాక, ఒకే ప్రకటన పది పత్రికల్లో వేసేవాళ్ళు. ఉత్తరాలన్నీ ఒకే ఆఫీసుకి వస్తాయి. మరి ఏది ఏ పత్రిక చూసి రాసిందో తెలిసేదెలా? ఉపాయం చిరునామాలోనే పెట్టారు. ఒక పత్రికలో "డిపార్ట్‌మెంట్ 12"కి రాయండి అని, ఇంకో పత్రికలో "డిపార్ట్‌మెంట్ 14"కి రాయండి అని. నిజానికి ఆ డిపార్ట్‌మెంట్లు ఉండాల్సిన పనే లేదు! కవరు మీద నంబరు చూసి గుమాస్తా ఒక గీత గీసుకుంటే చాలు. దీన్ని ప్రకటనకి "కీ" పెట్టడం అనేవారు. కూపన్ కత్తిరించి పంపే పద్ధతి వచ్చాక ఆ కీ కూపన్ మూలలో చిన్న అక్షరాలుగా చేరింది.

దీన్ని ఒక శాస్త్రంలా నడిపినవాడు క్లాడ్ హాప్కిన్స్. మనకి బాగా తెలిసిన పెప్సోడెంట్ టూత్‌పేస్ట్ ప్రకటనల్లో, పది రోజులకి సరిపడే ట్యూబు ఉచితం అంటూ కూపన్ పెట్టించింది ఆయనే. 1923లో 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' అనే చిన్న పుస్తకం రాశాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ప్రకటన బాగుందా లేదా అని గదిలో కూర్చుని వాదించుకోవద్దు, ఒక్కో జవాబు ఎంత ఖర్చుకి వచ్చిందో లెక్క కట్టండి అంటాడు. 'కాస్ట్ పర్ లీడ్' అని ఇవాళ మనం స్లయిడ్లలో పెట్టుకునేది ఆ లెక్కే.

మన దేశంలోనూ దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. పేపర్లో పెళ్ళి ప్రకటన కింద "బాక్స్ నెంబర్‌కి రాయండి" అని ఉండేది గుర్తుందా? ఇంటి చిరునామా బయటపడకుండా ఉండడం దాని అసలు ఉద్దేశం. కానీ ఒక్కో ప్రకటనకి ఒక్కో నంబరు కాబట్టి, వచ్చిన ఉత్తరం ఏ ప్రకటనకి జవాబో అదే చెప్పేసేది.

కూపన్ కత్తిరించడానికి కాగితం ఉండాలి. రేడియో, టీవీ వచ్చాక చిక్కొచ్చింది. 1970లలో కొలంబియా రికార్డ్ క్లబ్ కోసం లెస్టర్ వండర్మన్ చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. పత్రికల్లో వేసిన ఆర్డర్ కూపన్ మీద ఒక బంగారు రంగు గడి ముద్రించాడు. అదెందుకో పత్రికలో చెప్పలేదు. టీవీ ప్రకటనలో మాత్రం, ఆ గడిలో మీకు నచ్చిన రికార్డు పేరు రాస్తే అది ఉచితం అని చెప్పించాడు. గడి నింపి పంపారంటే టీవీ చూశారన్నమాట. రెండు దారులూ కలిసి ఒక మనిషిని తెచ్చాయని ఒక్క కాగితం ముక్క తేల్చేసింది.

ఇక వెబ్‌కి వద్దాం. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే సైట్‌లో ఏటీ అండ్ టీ బ్యానర్ ప్రకటన కనిపించింది. అదే ఏడాది నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ 'కుకీ'ని తయారుచేశాడు. బండిలో ఏ సరుకు వేశామో సైట్ మర్చిపోకుండా ఉండడం కోసం పుట్టిందది. మనం ఏ పేజీ నుంచి వచ్చామో బ్రౌజర్ చెప్పే 'రిఫరర్' అనే సమాచారం కూడా వెబ్ నియమాల్లో చేరింది. ఆ ఇంగ్లీషు మాటలో ఒక 'ఆర్' తగ్గింది. 1996 నాటి నియమ పత్రంలో ఆ స్పెల్లింగ్ అలాగే అచ్చయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

మా పనిలో రోజూ వాడే 'యూటీఎం' కథ కూడా ఇదే కోవలోది. శాన్ డియాగోలో అర్చిన్ అని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. యూటీఎం అంటే 'అర్చిన్ ట్రాకింగ్ మాడ్యూల్'. 2005లో గూగుల్ ఆ కంపెనీని కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌గా బయటికి తెచ్చింది. అర్చిన్ పేరు పోయింది, మూడక్షరాలు మిగిలాయి. లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి సోర్స్, మీడియం, క్యాంపెయిన్ అని రాస్తాం. మనిషి ఆ లింకు నొక్కి వచ్చాక, ఫారంలో పైకి కనబడని గడుల్లోకి ఆ మాటలు చేరేలా ఏర్పాటు చేస్తాం. పేరు, ఫోన్ నంబరుతో పాటు అవీ మనకి అందుతాయి. ఆలోచిస్తే ఇది అచ్చం "డిపార్ట్‌మెంట్ 12".

ఇక్కడే నా అసలు మాట. డిపార్ట్‌మెంట్ నంబరు, బంగారు గడి, యూటీఎం, ఈ మూడూ ప్రకటనకి వేసిన గుర్తులు. ఆ ప్రకటన చూసిన వెయ్యిమందికీ అదే గుర్తు. కుకీని ప్రకటనల కంపెనీలు చేతిలోకి తీసుకున్నాక, గుర్తు మనిషికి పడింది. ఒక సైట్‌లో చూసిన చెప్పుల జత పది సైట్లలో వెంటపడింది. గూగుల్ వాళ్ళ 'జీక్లిడ్' అయితే ఒక్కో క్లిక్కుకీ ఒక్కో నంబరు ఇస్తుంది. ఏ ప్రకటన పనిచేసిందన్న ప్రశ్న, ఈ మనిషి ఎక్కడెక్కడ తిరిగిందన్న ప్రశ్నగా మారింది. ఈ రెండూ ఒకటేనని మా రంగంలో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

తర్వాత ఎదురుగాలి వచ్చింది. 2017లో యాపిల్ తన సఫారీ బ్రౌజర్‌లో వెంటాడే కుకీలకి కళ్ళెం వేసింది. 2018 మే 25 నుంచి యూరప్‌లో జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది. 2021లో ఐఫోన్ యాప్‌లు అనుమతి అడగాల్సి వచ్చింది. 2023లో ఐఓఎస్ 17 తెచ్చిన మార్పు నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. మెయిల్, మెసేజెస్, ప్రైవేట్ బ్రౌజింగ్‌లలో లింకుల నుంచి జీక్లిడ్ లాంటి మనిషి గుర్తుల్ని అది తీసేస్తుంది, యూటీఎంని మాత్రం వదిలేస్తుంది. పాత గుమాస్తా గీసుకున్న గీత ఎంతవరకు న్యాయమో, అక్కడే గిరి గీశారు.

మరి మొదటి ప్రశ్నకి జవాబు? మీ లింకులన్నిటికీ యూటీఎం పెట్టండి. సావనీర్ పేజీకి, గ్రోసరీ షాపు గోడ మీద అంటించే కాగితానికి విడివిడి క్యూఆర్ కోడ్‌లు పెట్టండి. ఎన్ని ఫారాలు వచ్చాయని చూసి ఊరుకోకుండా, వాటిలో ఎందరు ఫీజు కట్టారో కూడా చూడండి. ఎంక్వైరీలు చవగ్గా తెచ్చే ప్రకటన కస్టమర్లని తెస్తుందన్న నమ్మకం లేదు.

రిపోర్టులో 'డైరెక్ట్' అని కనబడేదాన్ని మాత్రం గాలికి వచ్చినవాళ్ళు అనుకోకండి. వాట్సాప్ గ్రూపులో పంచుకున్న లింకు చాలాసార్లు అక్కడే పడుతుంది. గుళ్ళో ప్రసాదం తింటూ "మా పాపని అక్కడే చేర్పించాం వదినా" అన్న మాటకి ఏ గుర్తూ అంటదు. విన్నావిడ ఇంటికెళ్ళి గూగుల్‌లో మీ పేరు కొట్టి, పైన కనబడ్డ ప్రకటన నొక్కితే, పేరు గూగుల్‌కి పోతుంది.

అందుకే ఫారంలో పైకి కనబడే గడి ఒకటి ఉంచమంటాను: "మా గురించి మీకు ఎవరు చెప్పారు?" జాబితా ఇవ్వకండి, వాళ్ళ మాటల్లోనే రాయనివ్వండి. కంప్యూటర్ తేల్చినదాని పక్కన ఆ జవాబు పెట్టి మూడు నెలలు చూశాక, అప్పుడు ఏది ఆపాలో మాట్లాడుకుందాం.