ఉరులు వేసే వాండ్లు

మొన్న ఒక పాత ఆంగ్లవ్యాసం చదువుతుండగా అందులో చిక్కుకున్న ఒక తెలుగు మాట నన్ను ముందుకు పోనివ్వలేదు. 1816లో మద్రాసు సెయింట్ జార్జి కోటలోని వైద్యుడు రిచర్డ్ షెర్వుడ్ వ్రాసిన వ్యాసమది. ఉత్తరాదివారు ఠగ్గులన్న దారిహంతకులకు దక్షిణాదిన ఫాన్సీగర్లని పేరు. వారికి దేశభాషలలో ఉన్న పేర్లను ఆయన వరుసగా ఇచ్చినాడు. తెలుగు పేరును ఆంగ్లలిపిలో వ్రాసిన తీరు చూస్తే నవ్వు వస్తుంది. 'వార్లు వాండ్లు' అట! 'వార్లు వేషే వాండ్లు' అని మరొక రూపం. కాస్త ఆలోచిస్తే విషయం తెలుస్తుంది. పదాది ఉకారానికి వకారం చేర్చి పలకడం మనవారికి అలవాటే. అవి 'వుర్లు వాండ్లు', 'వుర్లు వేసే వాండ్లు'.

నేడు ఉరి అనగానే ఉరికంబం గుర్తుకు వస్తుంది. వెనుకటికి ఉరి అంటే వేటగాడు పిట్టకు పన్నే ఉచ్చు. తమిళంలో వారి పేరు 'ఉచ్చు వేసే తురకలు' అన్న అర్థమిస్తుందని షెర్వుడ్ వ్రాసినాడు. నిజానికి ఆ ముఠాలలో హిందువులు, ముసల్మానులు కలిసే ఉండేవారు. తెలుగువాడు మాత్రం మతం ఎత్తలేదు, కులం ఎత్తలేదు. చేసే పనిని బట్టి పేరు పెట్టి ఊరుకున్నాడు. ఇందులో మన గొప్పతనమేదో ఉన్నదని నేననను. కాని ఆ పేరే సరైనదని నా అభిప్రాయం.

వీరు మన గడ్డకు పరాయివారు కారు. 1807లో చిత్తూరు, ఆర్కాటుల నడుమ పట్టుబడిన ముఠా తిరువాన్కూరు దాకా పోయి దోపిడీ సొత్తుతో తిరిగి వస్తున్నది. ఇటు నిజాము రాజ్యంలోనూ వీరి సంచారం ఉండేది. ఆ రాజ్యంలో కొలువు చేసిన మెడోస్ టేలర్ వారి వాఙ్మూలాలు విన్న అనుభవంతోనే 1839లో 'ఒక ఠగ్గు ఒప్పుకోళ్ళు' అన్న అర్థం వచ్చే పేరుతో నవల ప్రకటించినాడు.

హైదరాబాదు నుండి నాగపురం పోయే బాట మా ఆర్మూరు మీదుగానే పోతుంది. పసుపు అమ్మిన రైతు డబ్బు నడుముకు కట్టుకొని ఇల్లు చేరేటప్పుడు తోడు వెదుక్కోవడం ఇక్కడ సహజం. ఉరులు వేసే వాండ్లకు ఆ తోడే ఆయుధం. దారిలో కలుస్తారు, రోజుల తరబడి కలిసి నడుస్తారు, కలిసి వండుకు తింటారు. నమ్మకం కుదిరిన తరువాత, ముందే చూసి పెట్టుకొన్న చోట, పొగాకు తెమ్మన్నట్టి మామూలు మాటే సంకేతంగా మెడకు రుమాలు పడుతుంది. మాటలతో వలలో వేసేవాడు 'సోఠా', చేతులు పట్టేవాడు 'శంసియా', బిగించేవాడు 'భుర్తోటే', గోయి త్రవ్వేవాడు 'లుఘా'. పాపాన్ని ఇంతమందికి పంచితే ఎవని వాటాకు ఎంత వస్తుంది? గోయి త్రవ్వినవాడు నేను చంపలేదనుకోవచ్చు. చంపినవాడు భవానీ చంపించిందనుకొన్నాడు. ఇల్లు చేరితే వారంతా భార్యాబిడ్డలను ప్రేమగా చూసుకొనే గృహస్థులే.

ఈ మనసు పుట్టుకతో వచ్చినదా? 1836లో వారి రహస్యభాషపై గ్రంథం ప్రకటించిన విలియం స్లీమన్, వారిని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలను, వారి జవాబులను అందులో చేర్చినాడు. కుర్రవానిని మొదటిసారి వెంట తీసుకుపోయినప్పుడు హత్యలు కంటబడనీయరు, కానుకలు మాత్రం ఇస్తారు. రెండవసారికి వానికి అనుమానం కలుగుతుంది, మూడవసారికి తెలిసిపోతుంది. అప్పటికి వాడు వారిలో ఒకడు. ఒకసారి ఈ క్రమం తప్పింది. పద్నాలుగేళ్ళ బాలుడొకడు, చూడరాదని వెనుక ఉంచితే, గుర్రంపిల్లను తోలుకొని ముందుకు వచ్చి అంతా కళ్ళారా చూసినాడు. అక్కడే పడిపోయినాడు. ఎవరు తాకినా, పలకరించినా వణికిపోతూ ఆ సాయంత్రానికే మరణించినాడు. వానిని కాపాడవలసినవాడు ఆ వృత్తినే వదలి నర్మదాతీరంలో బైరాగి అయినాడట.

నాకు ఆ బాలుని చావు కంటె పెద్ద సాక్ష్యం అక్కరలేదు. ఠగ్గుల ఇంట పుట్టినవాడే. నెత్తురులోనే హత్య ఉంటే వాడు ఎందుకు చస్తాడు? ఠగ్గులే చెప్పుకొన్న మరొక సంగతి ఉన్నది. హత్య తరువాత పంచే ప్రసాదపు బెల్లం ఒక్కసారి రుచి చూసినవానికి ఇక వేరే వృత్తి పట్టదట. వారూ ఇది నేర్చుకొన్న రుచియేనని ఎరుగుదురన్నమాట.

వారి మాటలన్నీ యథాతథంగా నమ్మరాదు. అవి ప్రాణం దక్కించుకొనడానికి అప్రూవరులు చెప్పిన మాటలు. బెహ్రాం అనేవాడు 931 మందిని చంపినాడని లోకమంతా ప్రచారమైంది. అంతమంది చచ్చిన చోట్ల అతడు ఉన్నాడన్నదే ఆ లెక్క. తన చేతులతో చంపినది నూట ఇరవై అయిదుగురి వరకు ఉండవచ్చునని అతడే అన్నాడు. అదేమీ తక్కువ కాదు. కాని లెక్క లెక్కయే.

ప్రభుత్వం మాత్రం నెత్తురువాదమే పట్టుకొన్నది. 1836 నాటి ముప్పయ్యవ చట్టం ప్రకారం ఠగ్గుల ముఠాకు చెందినాడని తేలితే చాలు, యావజ్జీవం. ఫలానా హత్య చేసినాడని నిరూపించనక్కరలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టంలో ముఠా స్థానంలోకి ఏకంగా జాతి వచ్చింది. 1911లో మద్రాసు రాజధానికీ దానిని వర్తింపజేసినారు. ఏ రుమాలూ పట్టని ఎరుకలవారిని తెచ్చి స్టూవర్టుపురంలో పెట్టినది ఆ పిమ్మటనే. 1952లో చట్టం రద్దయింది. ఆ తరువాత చాలా ఏళ్ళకు కూడా, నేను పనిచేసిన ఒక బడిలో ఎవని కలం పోయినా మొదట వెదికేది ఎరుకల పిల్లవాని సంచినే.