మూడో ఏడాదిలో ఏం పోతోంది?

వైద్య విద్యార్థి రోగి బాధను తనలోకి ఎంతవరకు రానివ్వాలి? 1889లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, పట్టా పుచ్చుకుంటున్న యువ డాక్టర్లకు ప్రొఫెసర్ విలియం ఆస్లర్ చెప్పింది నిబ్బరం గురించి. లోపల ఎంత కలత ఉన్నా ముఖంలో కనిపించకూడదన్నాడు. అలాగని ఆయన్ను రాతిగుండె మనిషి అనుకుంటే అన్యాయం. జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో విద్యార్థులను లెక్చర్ హాలులోంచి రోగి మంచం దగ్గరికి నడిపించింది ఆయనే. తర్వాతివాళ్లు నిబ్బరాన్ని పట్టుకుని మంచాన్ని మరిచారు.

ఆ మరుపును హార్వర్డ్‌లో డాక్టర్ ఫ్రాన్సిస్ పీబాడీ పట్టుకున్నాడు. ఆస్పత్రిలో చేరిన మనిషి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వట్టి జబ్బుగా మిగిలిపోతున్నాడని విద్యార్థులను హెచ్చరించాడు. ఆ ప్రసంగం 1927లో అచ్చయింది. అదే ఏడాది, 45 ఏళ్లకే, క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. ఆ మాటలు చదివినప్పుడల్లా ఈ సంగతి నన్ను వదలదు.

1963లో సామాజిక శాస్త్రవేత్త రెనీ ఫాక్స్, మానసిక వైద్యుడు హెరాల్డ్ లీఫ్ మధ్యేమార్గం ఒకటి వర్ణించారు: దూరం పాటిస్తూనే ఆదరించడం. శవవిచ్ఛేదన గది నుంచే విద్యార్థి దాన్ని అలవరచుకుంటాడన్నారు.

సహానుభూతిని కొలిచే ప్రయత్నం ఆలస్యంగా వచ్చింది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో మొహమ్మద్‌రెజా హోజత్ బృందం 20 ప్రశ్నల కొలమానం తయారుచేసింది. 456 మంది విద్యార్థులను ఏటా అడుగుతూ వచ్చి, 2009లో ఫలితం ప్రకటించింది. మొదటి రెండేళ్లు నిలకడగా ఉన్న సహానుభూతి మూడో ఏడాది చివరికి పడిపోయింది. విద్యార్థులు తమ గురించి తామే ఇచ్చుకున్న జవాబులివి, నిజమే. అయినా నాకు గుండె కలుక్కుమంది. ఆ మూడో ఏడాదే కదా వాళ్లు పుస్తకాలు వదిలి రోజంతా రోగుల మధ్య గడిపేది! దయ లేకుండా వచ్చిన పిల్లలు కారు వాళ్లు. వార్డులోనే ఏదో పోగొట్టుకుంటున్నారు.

మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ప్రవర్తన, నైతికత, మాటతీరు పాఠాలయ్యాయి. ఆ తర్వాత విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకునే పద్ధతీ వచ్చింది. ఇంగ్లీషులో చదివిన కుర్రాడు అరుగు మీద కూర్చుని, "కాళ్లు గుంజుతున్నాయి నాయనా" అన్న అవ్వ మాట పూర్తయ్యేదాకా వినాలి. మర్నాడు వార్డులో అతని సీనియర్ అలాంటి అవ్వనే "మూడో బెడ్ కేసు" అంటాడు. ఈ ఇద్దరిలో ఎవరి దగ్గర అతను ఎక్కువ నేర్చుకుంటాడో సిలబస్‌లో రాసి లేదు.