మర్దుమ్ షుమారీలో చేరని చేతులు: నిజామాబాద్, బోధన్ శ్రమజీవుల చరిత్ర

జనాభా లెక్కలను ఉర్దూలో 'మర్దుమ్ షుమారీ' అంటారు. నిజాం ప్రభుత్వ కాలపు కాగితాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ మాట నాకు ఎన్నోసార్లు ఎదురైనది. ఫార్సీలో 'మర్ద్' అంటే పురుషుడు, 'మర్దుమ్' అంటే మనుషులు. భాష తెలియనివారు మర్దుమ్ షుమారీని మగవారి లెక్క అని పొరబడుతూ ఉంటారు. అది నిఘంటువు దృష్టిలో తప్పు. కాని నిజామాబాద్ పట్టణంలో, బోధన్ చక్కెర సీమలో ఎవరు ఏ పని చేసి బ్రతికినారో తెలుసుకొనడానికి జనగణన పుస్తకాలు తిరగవేసినప్పుడు, ఆ పొరబాటు పూర్తిగా పొరబాటు కాదేమోనని నాకు అనిపించినది.

మన చరిత్రలో లెక్క వ్రాయడం కొత్త విషయం కాదు. ఇస్లాంను స్వీకరించినవారి పేర్లు వ్రాసి తెమ్మని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు, ఆ జాబితాలో పదిహేను వందల మంది పురుషులు తేలినట్లు హజ్రత్ హుజైఫా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉన్నది. అది ఆపద కాలం, రణరంగానికి పనికివచ్చేవారి లెక్క. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) స్థాపించిన దీవాన్ వేరు. అది భత్యాల పట్టిక గనుక అందులో స్త్రీలు ఉన్నారు, పిల్లలు ఉన్నారు. మొదట పాలు మాన్పించిన పిల్లలకు మాత్రమే భత్యం ఉండేదట. ఒక తల్లి ఆ భత్యం కొరకు బిడ్డకు తొందరపడి పాలు మాన్పిస్తున్నదని ఒక రాత్రి తెలిసి, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉండవలెనని ఖలీఫా నియమం మార్చినట్లు చరిత్రకారులు వ్రాసినారు. పట్టికలో ఎవరు చేరుతారన్నది ఆ పట్టిక దేని కొరకో దానినిబట్టి ఉంటుంది. ఒక్క నిర్వచనం మారితే ఇంట్లో తల్లి నడవడిక కూడా మారుతుంది. ఈ రెండు మాటలు మనసులో ఉంచుకొని మన జిల్లాకు వద్దాము.

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. 1901 జనగణననాటికి అది పదమూడు వేల జనాభా గల చిన్న ఊరు. సికింద్రాబాద్ నుండి మన్మాడ్ వెళ్ళే గోదావరి లోయ రైలు మార్గం అప్పుడే ఆ ఊరిమీదుగా వచ్చినది. రైలు వెంట కచేరీలు, గోదాములు, దుకాణాలు వచ్చినవి. అయినా ఊరి స్వరూపాన్ని నిజంగా మార్చినది రైలు కాదు, నీరు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ ప్రధాన ఇంజనీరుగా ఉండగా మంజీరా నదిపై నిజాం సాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తి అయినది. సుమారు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వడం దాని లక్ష్యం. ఆ నీటి మీద ఆశతో కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు వచ్చి బోధన్, బాన్స్‌వాడ, వర్ని పరిసరాలలో స్థిరపడినారు. వారి పల్లెలు నేటికీ 'క్యాంపు' పేరుతోనే పిలువబడుతున్నవి. మూడు తరాలు గడిచినా క్యాంపు క్యాంపే!

కాలువ నీటికి చెరకు తోడైనది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడినది, దాని చుట్టూ లేచిన ఊరికి 'శక్కర్ నగర్' అని పేరు వచ్చినది. సంస్కృతంలోని 'శర్కర' ఫార్సీలో 'శకర్' అయి, అరబ్బీలో 'సుక్కర్' అయి ప్రపంచమంతా తిరిగినది. అదే మాట ఉర్దూ వేషంలో తెలుగు నేలమీదికి వచ్చి ఒక ఊరి పేరుగా నిలిచిపోవడం అనువాదకుడనైన నాకు ముచ్చటగా ఉంటుంది.

చెరకు మిగతా పంటల వంటిది కాదు. వడ్లు ఇంట్లో నిలువ ఉంటాయి, పసుపు మంచి ధర వచ్చేదాకా ఆగుతుంది. కోసిన చెరకు మాత్రం ఒకటి రెండు రోజులలో గానుగ పడకపోతే తీపి తగ్గిపోతుంది, బరువు తగ్గిపోతుంది. అందుచేత చలికాలం మొదలు వేసవి దాకా పొలమూ, బండీ, యంత్రమూ ఒకే తాళానికి నడవవలసినదే. ఫ్యాక్టరీ నుండి చీటీ వచ్చిన రోజుననే నరకాలి. నరికేవారు తెల్లవారుజామున తోటలో దిగాలి, బండ్లు రాత్రంతా వరుసలో నిలబడాలి. లోపల మూడు షిఫ్టులు. సైరనును బట్టి ఊళ్ళో పొయ్యి వెలిగేది, హోటళ్ళలో చాయ్ మరిగేది. గానుగ ఆగిన తరువాత సీజను కార్మికుడు మరల ఏ కూలికో పోవలసినదే. పర్మనెంటు ఉద్యోగి, సీజను కార్మికుడు, చెరకు నరికే కూలీ అనే ఈ మూడు మెట్లు బోధన్ సమాజంలో కులం, మతం కంటె తక్కువ బలమైనవి కావు. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా 'పర్మనెంటేనా?' అనే ప్రశ్న ముందు వచ్చేది.

ఇక జనసంఖ్య మాట. నిజామాబాద్ జనాభా 1961లో సుమారు 79 వేలు. 1981 నాటికి అది లక్షా 83 వేలు, 2011లో 3 లక్షల 11 వేలు. 2011లో బోధన్ 77 వేలకు పైన. అప్పటి ఉమ్మడి జిల్లా జనాభాలో ముస్లిములు సుమారు 15 శాతమే. కాని నిజామాబాద్ నగరంలో మూడింట ఒక వంతుకు మించి, బోధన్‌లో సగానికి చేరువగా ఉన్నారు. దీని అర్థం సులభము. ఇక్కడి ముస్లిములకు సాగుభూమి తక్కువ, పట్టణమే వారి పొలం. కచేరీ, రైలు, ఫ్యాక్టరీ, దర్జీ మిషను, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీ పని, వీటిమీదనే సంసారాలు నడిచినవి. 'హమల' అంటే అరబ్బీలో మోసినాడు అని అర్థం. మదరసాలో మేము మొదట నేర్చుకొన్న క్రియాపదాలలో అదొకటి. గంజ్ వీధిలో దాని అర్థం ఇంకా బాగా తెలుస్తుంది.

ఇందులో బీడీ లేదని పాఠకులు గమనించే ఉంటారు. కావాలనే విడిగా ఉంచినాను. తునికాకు మన అడవులది, తంబాకు నిపాణీనుంచి, గుజరాత్ నుంచి వచ్చేది, చేతులు మాత్రం నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి స్త్రీలవి. హిందువులూ, ముస్లిములూ ఒకే అరుగుమీద చాటలు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటారు. ఆకు నానబెట్టడం, తడిగుడ్డలో చుట్టడం, అచ్చు పెట్టి కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం, మొన మడవడం, దారం కట్టడం, ఇరవై అయిదింటికి ఒక కట్ట. కూలి వెయ్యి బీడీలకు లెక్క. కార్ఖానాలో బాగా లేవని తీసి పారేసినవాటికి డబ్బు లేదు, తగ్గిన ఆకు కొనుక్కోవలసినది కూడా ఆమెయే. పర్దా పాటించే ఇంటికి ఈ పని అనుకూలమైనదని అందరూ అంటారు. గుమ్మం దాటనక్కర లేదు గదా! ఆ అనుకూలత యజమానికే ఎక్కువ. షెడ్డు, దీపం, నీరు, అన్నీ కార్మికురాలివే.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. 2001లో గణకుడు వచ్చినప్పుడు మా నానీ గుమ్మంలోనే చాట ఒళ్ళో పెట్టుకొని ఉన్నది. ఆయన స్కూలు పంతులు, మర్యాదస్థుడు. "అమ్మా, నువ్వేం పని చేస్తవు?" అని అడిగినాడు. "ఏం పనుంటది సారూ, ఇంట్లనే ఉంట" అన్నది నానీ, చెయ్యి ఆపకుండా. ఆయన వ్రాసుకొని పోయినాడు. ఆ రోజు ఆమె చుట్టినవి ఎనిమిది వందల బీడీలు.

ఇది ఒక్క గణకుడి తప్పు కాదు. 1961 జనగణనలో సీజనులో ఎక్కువ భాగం రోజుకు ఒక గంటకు మించి క్రమంగా పని చేసినా కార్మికులుగా వ్రాసినారు. 1971లో 'ముఖ్యమైన వ్యాపకం ఏది?' అని ప్రశ్న మారినది. ఇంటిపని ముఖ్యమని చెప్పిన స్త్రీలు లక్షల సంఖ్యలో దేశమంతటా కార్మికుల లెక్కనుండి జారిపోయినారు. స్త్రీలు పని మానలేదు, ప్రశ్న మారినది, అంతే. 1981లో ఆరు నెలలు ప్రమాణంగా ప్రధాన, పాక్షిక కార్మికులు అనే విభజన తెచ్చి కొంత సరిదిద్దినారు.

చట్టం మాత్రం జనగణనకంటె ముందు మేలుకొన్నది. ఇంట్లో చుట్టేవారినీ కార్మికులుగానే 1966 బీడీ కార్మికుల చట్టం గుర్తించినది. 1976లో సంక్షేమ నిధి ఏర్పడినది. ఇంటి కార్మికులకు కూడా ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ నిధికి మూలమైన సెస్సు 2017లో జీఎస్టీతోపాటు రద్దయినది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే పింఛను 2019లో 2,016 రూపాయలైనది. అది కావాలంటే పీఎఫ్ నంబరు ఉండాలి. ఒకే ఇంట్లో తల్లి పేరున నంబరు, చుట్టేది తల్లీ ఇద్దరు కూతుళ్ళూ! కాగితం మీద ఒక్కరే కార్మికురాలు. ఇది ఇక్కడ ప్రతి గల్లీకీ తెలిసిన విషయమే.

పురుషుల లెక్క ఇంకో విధంగా జారినది. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ ద్వారాలు తెరుచుకొనడంతో ఈ జిల్లానుండి అన్ని మతాలవారూ దుబాయి, సౌదీ బాట పట్టినారు. 2011లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వెయ్యిమంది పురుషులకు స్త్రీలు సుమారు 1,040. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే అత్యధికం. దీనిని స్త్రీల అభ్యున్నతికి గుర్తుగా మెచ్చుకొన్నవారిని చూసినాను. ఆ అంకెలో కొంత భాగం, బహుశా పెద్ద భాగమే, విమానమెక్కి పోయిన మగవారి ఖాళీ. అక్కడ వారి 'కఫీల్' ఒకడుంటాడు. ఫిఖ్‌హ్ గ్రంథాలలో కఫీల్ అంటే ఇతరుల అప్పుకు తాను పూచీపడినవాడు, భారం అతనిది. గల్ఫ్‌లో ఆ మాట తలక్రిందులైనది, భారమంతా కూలివాడిది.

ఈలోగా శక్కర్ నగర్ చల్లారినది. 2002లో ఫ్యాక్టరీ సంయుక్త రంగంలోకి పోయి మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్ళినది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేట్లు మూసినారు. తీపి పోయిన చెరకును ఎవరు కొంటారు? రైతులు వరికి మళ్ళినారు. పర్మనెంటు అన్న మాటకు గల విలువ ఒక్క రోజులో పోయినది. అప్పటిదాకా 'ఇంట్లో ఊరికే కూర్చొని' బీడీలు చుట్టిన భార్యల కూలే అనేక ఇళ్ళలో ఏకైక ఆదాయమైనది.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి 2027కు నిర్ణయించబడినది. మా నానీ లేదు. ఆ చాట ఇప్పుడు మా ఖాలా ఒళ్ళో ఉన్నది. సారు వచ్చి అడిగితే ఏమి చెప్పాలని నిన్న అడిగినాను. "బీడీలు చేస్తనని చెప్త, ఇంకేం చెప్త?" అన్నది. ఆమె కోడలు లోపలినుండి "ముందు మగోళ్ళను అడుగుతరు అత్తమ్మా, మనల్ని కాదు" అన్నది.