ఉప్పల్ భాగాయత్: తోటలు పోయినా మిగిలిన పేరు

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్ అనే పేరుతో ఒక్క ఊరు కాదు, రెవెన్యూ కాగితాల్లో మూడు ఊళ్లున్నాయి. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భాగాయత్. మెట్రో దిగి రింగురోడ్డు కూడలిలో నిలబడినవాడికి ఈ మూడింటికీ తేడా కనబడదు. అయినా ఆ పేర్లు ఊరకే పెట్టినవి కావు. కలాన్ అంటే పెద్దది. ఖాల్సా అంటే జాగీర్దారు చేతిలో గాక నేరుగా సర్కారు కింద ఉన్నది. భాగాయత్ అంటే తోట భూమి, బాగ్ అనే పారశీక పదం నుంచి వచ్చింది. నిజాం కాలపు లెక్కల్లో తరి, ఖుష్కి అని తడినీ మెట్టనూ రాసుకున్నాక మూడో గడిలో రాసేది ఈ బాగాయతునే. మూసీ ఒడ్డున నీటి వసతి ఉండి, తోటలు పెరిగే నేలకు ఆ పేరు వచ్చింది.

ఆ తోట భూమి ఇప్పుడు లేఅవుటు. ఊరి చివర ఇళ్లు కడతామని సర్కారు అన్నప్పుడల్లా అక్కడ ఉంటున్నవాళ్లు ఏమన్నారు, అందులో ఎవరి మాట లెక్కకు వచ్చింది, ఎవరిది రాలేదు అన్న ప్రశ్నకు ఉప్పల్, నాచారం రెండూ మంచి ఉదాహరణలు. వాటి గురించి నాకు తెలిసినంత మేరకు ఈ టపాలో రాస్తున్నాను.

ముందు ఊరి చివర అనే మాట సంగతి చూద్దాం. నిజాం రాజ్యంలో రాజధాని చుట్టూ ఉన్న జిల్లా పేరే అత్రాఫ్-ఎ-బల్దా. నగరపు పరిసరాలు అని అర్థం. ఇది నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూభాగం. 1948 పోలీసు చర్య తరువాత అత్రాఫ్-ఎ-బల్దానూ బాగాత్ అనే మరో జిల్లానూ కలిపి హైదరాబాదు జిల్లా చేశారు. 1978లో నగరాన్ని విడదీసి చుట్టుపక్కల పల్లెలతో రంగారెడ్డి జిల్లా ఏర్పరిచారు. 2016లో ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లింది. జిల్లాల పేర్లు ఎన్ని మారినా పనిమాత్రం ఒకటే. నగరానికి చోటు కావలసినప్పుడు చోటు ఇవ్వడం.

నగరం తూర్పుకు నడిచిన తీరు కూడా గమనించదగ్గది. ముందు ఇళ్లు రాలేదు, సంస్థలు వచ్చాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ మిట్టల మీదికి వచ్చింది. ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైనది 1939లో. ఆ తరువాత తార్నాక, హబ్సిగూడల మీదుగా ఉప్పల్ దారి పొడవునా పరిశోధనాలయాలు వెలిశాయి. భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. సీసీఎంబీ 1987లో తన ప్రాంగణానికి చేరింది. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణాలయం ఉంది. దేశానికి పటాలు గీసేవారికి పాఠాలు చెప్పిన ఊరిలోనే పాత గ్రామాల పొలిమేరలు చెరిగిపోవడం కాస్త చిత్రమే.

దారికి ఉత్తరాన నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు పారిశ్రామికవాడలు వచ్చాయి. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ ఆ పక్కనే. ఎన్.టి. రామారావు రామకృష్ణా స్టూడియో కట్టిందీ నాచారంలోనే. స్టూడియోకైనా కార్ఖానాకైనా కావలసింది చవకగా విశాలమైన నేల, పక్కన జనం లేకపోవడం. అప్పటి నాచారంలో రెండూ ఉన్నాయి. కార్ఖానాల వెంట కార్మికులు వచ్చారు. కార్మికుల వెంట ఈఎస్‌ఐ ఆసుపత్రి, హెచ్.ఎం.టి. నగర్ వంటి కాలనీలు వచ్చాయి. కొన్నేళ్లకు కార్ఖానా గోడకూ ఇంటి గోడకూ మధ్య రోడ్డు మాత్రమే మిగిలింది.

ఇక మూసీ వైపు వెళ్దాం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నగరాన్ని ముంచేసింది. ఆ తరువాతే గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టి నదిని కట్టడి చేశారు. దానితో నదిలో నీరు తగ్గి, నగరం పెరిగేకొద్దీ మురుగు హెచ్చింది. నది తూర్పుకు పారుతుంది గనుక ఆ మురుగంతా అంబర్‌పేట, ఉప్పల్, పీర్జాదిగూడల మీదుగానే పోవాలి. తోటల నేలకు తోటల నీరు కరువైంది. రైతు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మూసీ దిగువన ఆ మురుగునీటితోనే పశువుల గడ్డి పెంచాడు. నగరంలోని గేదెల పాకలకు ఆ గడ్డే మేత. ఏడాది పొడవునా కోతకు వచ్చే పంట, రోజూ చేతికి డబ్బు. భూమి ఒకరిది, కౌలు మరొకరిది, కోసి మోపు కట్టే చేతులు ఇంకొకరివి. ఒక ఎకరం గడ్డి మీద ఇన్ని కుటుంబాలు బతికాయని పట్టాదారు పుస్తకం చెప్పదు.

2000ల మధ్యలో సర్కారు ఈ ఒడ్డున సుమారు 730 ఎకరాలు సేకరించింది. నాగోలు దగ్గర మురుగునీటి శుద్ధి కేంద్రానికి కొంత, తరువాతి కాలంలో మెట్రో రైలు డిపోకు 100 ఎకరాల పైచిలుకు పోయాయి. మిగిలిన దానిలో 413 ఎకరాల లేఅవుటు వేశారు. పని మొదలుపెట్టింది 1975లో పుట్టిన హుడా. 2008లో దాని స్థానంలో వచ్చిన హెచ్ఎండీఏ చేతికి అది మారింది. రైతులకు డబ్బుకు బదులు ఎకరానికి 1,000 గజాల చొప్పున అభివృద్ధి చేసిన స్థలం ఇస్తామన్నారు.

ఎకరమంటే 4,840 గజాలు. అందులో వెయ్యి గజాలంటే అయిదో వంతు. వినగానే ఇది అన్యాయమనిపిస్తుంది. కానీ రోడ్లకు, పార్కులకు, శుద్ధి కేంద్రానికి పోగా మిగిలిన నేలకు ధర పెరుగుతుంది గనుక అయిదో వంతైనా పాత ఎకరం కన్నా ఎక్కువ విలువ చేస్తుందన్నది సర్కారు వాదం. ఆ వాదం తప్పు కాదని వేలాలే చూపించాయి. 2019లో ఈ లేఅవుటులో గజం గరిష్ఠ ధర రూ. 70,000 దాటింది. 2021 డిసెంబరులో లక్ష దాటింది.

అయితే ఈ లెక్కలో ఒక అంకె లేదు. అది కాలం. భూమి ఇచ్చిన నాటికీ ప్లాటు చేతికి వచ్చిన నాటికీ మధ్య దాదాపు పదేళ్లు గడిచాయి. పదేళ్లంటే ఒక ఆడపిల్ల బడి నుంచి పెళ్లి పీటల దాకా వచ్చే కాలం. ఆ పదేళ్లూ గడ్డి లేదు, అద్దె లేదు. చేతిలో ఉన్నది ఒక హామీ. నిలదొక్కుకోగలిగినవాడికి ఆ హామీ కోట్లయింది. అవసరానికి మధ్యలోనే హక్కును వదులుకోవలసి వచ్చినవాడికి అది పొరుగువాడి అదృష్టంగా మాత్రమే మిగులుతుంది. ఒకే ఊరి రైతులు ఒకే పథకం గురించి ఒకరు దీవిస్తూ, ఒకరు తిడుతూ మాట్లాడితే ఇద్దరిదీ నిజమే. వాళ్ల మధ్య ఉన్న తేడా భూమిలో లేదు, ఓపిక పట్టగలిగిన స్తోమతులో ఉంది.

మరి చట్టం వీళ్ల అభిప్రాయం అడగలేదా అంటే, అడిగే ఏర్పాటు ఉంది. 1894 నాటి భూసేకరణ చట్టంలో 5-ఎ సెక్షన్ ప్రకారం ప్రకటన వచ్చిన 30 రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. కానీ చెప్పుకోవలసింది ఆ భూమిలో హక్కు ఉన్నవారు. నోటిమాట మీద కౌలు చేసినవాడికి కాగితం లేదు. మోపుకు ఇంత అని కూలి తీసుకున్న ఆడమనిషికి అసలు ఆ భూమితో సంబంధమే లేదు, కాగితం దృష్టిలో. 2013లో వచ్చి 2014 జనవరి నుంచి అమలైన కొత్త చట్టం ఈ లోపాన్ని కొంత గుర్తించింది. భూమి మీద ఆధారపడి బతికే కౌలుదారులను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా లెక్కించమంది. సామాజిక ప్రభావ అంచనా వేయమంది. ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం సమ్మతి కావాలంది. భాగాయత్ భూములు అప్పటికే చేతులు మారిపోయాయి.

ఇక కాలనీవాసుల మాట. వాళ్ల అభ్యంతరం వేరే రకం. కొత్త లేఅవుటు వస్తే నీళ్లు చాలవు, డ్రైనేజీ పొంగుతుంది, రింగురోడ్డు దాటడమే గగనమైపోతుంది అంటారు. ఈ మాటల్లో అబద్ధం లేదు. 2020 అక్టోబరు వానల్లో ఉప్పల్, రామంతాపూర్, నాగోలు పరిసరాల పల్లపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఉప్పల్ నుంచి నారపల్లికి 2018లో మొదలుపెట్టిన పై వంతెన ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలబడింది. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ, నాచారం కలిసి ఉన్న కాప్రా మునిసిపాలిటీ 2007 ఏప్రిల్‌లో మహానగర పాలక సంస్థలో విలీనమైనప్పుడు పన్నులు, సౌకర్యాలు రెండూ పెరుగుతాయన్నారు. మొదటిది ముందుగా పెరుగుతుందని అందరికీ తెలిసిందే.

కానీ అదే కాలనీవాసి తన ఇల్లు ఏ నేల మీద ఉందో ఒక్కసారి ఆలోచించాలి. నల్లచెరువు శిఖం పక్కన, రామంతాపూర్ పెద్దచెరువు కింది ఆయకట్టులో లేచిన ఇళ్లు కూడా ఒకనాటి లేఅవుటులే. ఆ రోజున పొలం పోగొట్టుకున్నవాడు వీళ్లను చూసి ఏమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. నేను వచ్చాక తలుపు మూసెయ్యమనడం రైలు పెట్టె ఎక్కిన మనందరికీ అలవాటైన ధర్మం. పాశ్చాత్యులు దీనికి నా పెరట్లో వద్దు అనే పేరు పెట్టి ఎగతాళి చేస్తారు. నాకు ఆ ఎగతాళి పూర్తిగా నచ్చదు. ముందు వచ్చినవాడు స్వార్థంతో చెప్పినా, డ్రైను కొలత గురించి చెప్పింది నిజమైతే నిజమే. అతని ఉద్దేశాన్ని కాదు, అతని డ్రైనును పరీక్షించాలి.

ఇప్పుడు నాచారానికి వద్దాం. కార్ఖానాల వాసన, వ్యర్థజలం గురించి ఇక్కడి కాలనీలు దశాబ్దాలుగా మొత్తుకుంటూనే ఉన్నాయి. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగురోడ్డు అవతలికి పంపాలని 2013లోనే ఉత్తర్వు వచ్చింది. 2020లో గ్రిడ్ విధానం పేరుతో ఈ వైపు పారిశ్రామికవాడల్లో ఐటీ కార్యాలయాలకు దారి తెరిచారు. 2025 నవంబరులో ప్రభుత్వం మరో అడుగు వేసింది. హిల్ట్ అనే విధానంలో ఔటర్ లోపలి 22 పారిశ్రామికవాడల సుమారు 9,292 ఎకరాలను ఇళ్లకు, కార్యాలయాలకు, దుకాణాలకు మార్చుకోవచ్చని ప్రకటించింది. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి, రుసుము కట్టాలి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వాడలు ఆ జాబితాలో ఉన్నాయి. కాలుష్యం పోతుంది, నగరం ఊపిరి పీల్చుకుంటుందని ప్రభుత్వం అంది. పరిశ్రమల కోసం చవకగా ఇచ్చిన భూమిని మళ్లీ చవకగా ధారాదత్తం చేస్తున్నారని ప్రతిపక్షం అంది.

ఈ వాదులాటలో నాకు భాగాయత్ కథే మళ్లీ కనిపిస్తోంది. అక్కడ పట్టాదారు, ఇక్కడ ప్లాటు యజమాని. అక్కడ గడ్డి కోసిన కూలి, ఇక్కడ యంత్రం దగ్గర నిలబడ్డ కార్మికుడు. కార్ఖానా ఔటర్ అవతలికి వెళ్తే, నాచారంలో అద్దెకుండి నడిచి పనికి వెళ్లే మనిషి బస్సులు మారి వెళ్లాలి, లేదా ఊరు మారాలి. పక్క కాలనీకి స్వచ్ఛమైన గాలి వస్తుంది. అది వాళ్ల హక్కే. ఆ గాలికి ధర ఎవరు చెల్లిస్తున్నారో కూడా అదే కాగితంలో రాయాలి గదా. భూమి వినియోగం మార్పుకు పత్రికలో ప్రకటన వేసి 15 రోజుల్లో అభ్యంతరాలు చెప్పమనడం మన పద్ధతి. పొద్దున షిఫ్టుకు వెళ్లి రాత్రి ఇల్లు చేరే మనిషి ఆ ప్రకటన చూసి, అర్జీ రాసి, కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటాడని ఆశించడం అత్యాశ.

ఇళ్లు కట్టవద్దని నేననను. జనం వస్తూనే ఉంటారు, వాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి. చెరువులో ఉండే కన్నా చదును చేసిన పారిశ్రామికవాడలో ఉండటమే మేలు. నేను అడిగేదల్లా రెండు సంగతులు. అభిప్రాయ సేకరణ అన్నప్పుడు పట్టా ఉన్నవారితో పాటు అక్కడ పనిచేసేవారినీ, అద్దెకున్నవారినీ తెలుగులో పిలిచి, వాళ్లు పని మాని రానక్కరలేని వేళలో అడగాలి. వాళ్లు చెప్పినదాన్ని, దానికి ఇచ్చిన జవాబును, హామీ నెరవేర్చే గడువుతో సహా అచ్చువేసి వార్డు కార్యాలయంలో అందరికీ అందుబాటులో పెట్టాలి. భాగాయత్‌లో పదేళ్ల ఆలస్యానికి గడువు రాసి ఉంటే, దానికి పరిహారం అడిగే అవకాశమైనా ఉండేది.

పేర్లు మొండివి. కొత్త లేఅవుటుకు కూడా ఉప్పల్ భాగాయత్ అనే పేరే ఉంచారు. వేలం ప్రకటనల్లోనూ అదే పేరు. తోటలు పోయాయి, గడ్డి పోయింది. లక్ష పెట్టి గజం కొన్నవారిలో ఆ మాటకు అర్థం తోట అని తెలిసినవారు ఎందరో నాకు తెలియదు. మీ ఊళ్లలో కూడా ఇలాంటి పేర్లుంటాయి. కుంట లేని కుంటలు, తోట లేని తోటలు. ఆ నేల మీద చివరి పంట ఏమిటో, దాన్ని కోసినవారు తరువాత ఎక్కడికి వెళ్లారో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లనడిగి రాసిపెట్టండి.