పడవలోనికి వచ్చిన విద్యుత్తు

పల్లెటూరి పెండ్లి ఊరేగింపు చూడనివారు మనలో అరుదు. ముందు మేళము, వెనుక పెండ్లివారు, ఇరుప్రక్కల దీపపు గుత్తులను తలలపై మోయుచు నడచువారు, అందరికంటె చివర బండిమీద దడదడలాడుచు ఒక జనరేటరు. ఆ యంత్రమునుండి బయలుదేరిన తీగ దీపమునుండి దీపమునకు సాగి ఊరేగింపునంతటిని ఒకే త్రాట గ్రుచ్చినట్లుండును. చిన్నతనమున మేము పెండ్లికొడుకును విడిచి ఆ బండి వెంటనే నడచెడివారము. ఒకనాడు చినుకులు పడుచుండగా మాలో ఒకడు తడిసిన తీగపై చేయి వేసి, అదిరిపడి వెనుకకు తూలినాడు. జనరేటరువాడు పరుగున వచ్చి, "కాళ్లకు చెప్పులు లేవట్రా నీకు?" అని కోపపడినాడు. తీగను పట్టుకొన్నది చేయి గదా, చెప్పుల మాట ఏల అని మాకు ఆశ్చర్యము కలిగినది.

ఆ చెప్పుల మాటలోనే విషయమంతయు ఉన్నదని చాల ఏండ్లకు గాని మాకు తెలియలేదు. విద్యుత్తు ఒకచోటనుండి బయలుదేరిన చాలదు; బయలుదేరిన చోటికి మరల చేరవలెను. తిరుగుదారి దొరికినపుడే ప్రవాహము. ఆ తడి రాత్రి ఆ దారి నేల. చెప్పులు లేని పాదము దానికి గుమ్మము. ఇక అదే జనరేటరును బండిమీదనుండి దించి ఒక పడవలో పెట్టి, పడవలోని దీపములకు, పంపునకు, ఫ్యానునకు కలిపినామనుకొనుడు. అక్కడ నేల ఏది? చుట్టు నీరు, క్రింద నీరు, నడుమ మనుష్యులు. ఓడలవారు ఈ ప్రశ్నకు సమాధానము నేర్చుకొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది. అందు కొంత ప్రాణములిచ్చి నేర్చుకొన్నదే.

పడవకును విద్యుత్తునకును పరిచయము దీపముతో మొదలు కాలేదు. 1838లోనే రష్యాలో జాకోబీ అను శాస్త్రజ్ఞుడు సెయింట్ పీటర్స్‌బర్గులో నీవా నదిపై విద్యుత్ మోటారుతో ఒక పడవను నడిపినాడు. 1881లో ఫ్రాన్సులో త్రూవే అనునతడు సేన్ నదిపై అట్టి ప్రయత్నమే మరింత సులువైన యంత్రముతో చేసినాడు. కాని వీరిరువురును బ్యాటరీలను వెంట తీసికొనిపోయినవారు. విద్యుత్తును పడవలోనే పుట్టించి గదిగదికి పంచుట వేరు సంగతి.

ఆ సంగతికి మొదటి పెద్ద ఉదాహరణము కొలంబియా అను ఆవిరి ఓడ. దీనిని 1880లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, చెస్టరు పట్టణములో జాన్ రోచ్ అను నౌకానిర్మాత కట్టినాడు. ఓడను కట్టించిన కంపెనీకి పెద్ద హెన్రీ విలార్డు. ఆయన 1879 డిసెంబరు చివరి రాత్రి మెన్లోపార్కులో ఎడిసన్ వెలిగించి చూపిన దీపములను కన్నులార చూచినవాడు. తన క్రొత్త ఓడలో అవే ఉండవలెనని పట్టుపట్టినాడు. రోచ్ ఒప్పుకొనలేదు. కొయ్య గదులలో ఈ తీగలు పరచిన ఓడ తగులబడునని ఆయన భయము. ఆ భయమును మనము పరిహసింపరాదు. నేటి ప్లాస్టిక్కు తొడుగులు లేని కాలమది. చివరకు ఓడ న్యూయార్కు చేరిన తరువాత ఎడిసన్ మనుష్యులే వచ్చి తీగలు పరచి, నాలుగు డైనమోలు నిలిపి, నూటికి పైగా దీపములు అమర్చినారు.

ఒక చిన్న ముచ్చట. ఆ ఓడలో ప్రయాణికుడు తన గదిలోని దీపమును తాను ఆర్పుకొనుటకు వీలు లేదు. స్విచ్చి గది వెలుపల తాళము వేసిన పెట్టెలో ఉండును; ఓడ నౌకరు వచ్చి తాళము తీసి ఆర్పవలెను. క్రొత్త శక్తిని పెట్టెలో బంధించి తాళపుచెవి నౌకరుకిచ్చుట నేడు వింతగా తోచును గాని, ఏది ఎవరి చేతిలో ఉండవలెనో వారు ముందుగా ఆలోచించినారు. కొలంబియా దక్షిణ అమెరికా కొన చుట్టి పసిఫిక్ తీరము చేరినది; దీపములు చక్కగా వెలిగినవి. ఆ మొదటి డైనమోలు 1895 వరకు పని చేసినవి.

రెండేండ్లలోనే వేరొక ఓడలో కథ మారినది. బ్రిటిషు నౌకాదళమున ఇన్‌ఫ్లెక్సిబుల్ అను మహా యుద్ధనౌక 1881లో కొలువునకు వచ్చినది. కవచము కొన్నిచోట్ల 24 అంగుళముల ఇనుము. లోపల చీకటి దారుల చిక్కుముడి. కెప్టెను ఫిషరు నావికులు దారి తప్పకుండుటకు గోడలకు వేరువేరు రంగులు వేయించినాడని చెప్పుదురు. అట్టి ఓడకు విద్యుద్దీపములు వరమే. దానిలో ఆర్కు దీపములను, స్వాన్ దీపములను కలిపి వెలిగించుటకు డైనమో ఇచ్చిన ఒత్తిడి 800 వోల్టులు. మన ఇండ్లలో నేడున్నది 230 వోల్టులని గుర్తు చేసికొనుడు. 1882లో ఆ ఓడలో ఒక మనిషి విద్యుదాఘాతమున మరణించినాడు. ఆ నౌకాదళమున అట్టి మరణము అదే మొదటిది. అప్పుడు అధికారులు చేసినది ఒక్క పని: ఇకమీదట ఓడలలో 80 వోల్టులే ఉండవలెనని నిర్ణయించినారు. 800 నుండి 80కి. ఒక సున్న కొట్టివేసినారు. దాని వెల ఒక ప్రాణము.

ఇనుప ఓడలో షాకు ఏల అంత తీవ్రమో ఆలోచించినచో చెప్పుల మాట మరల గుర్తునకు వచ్చును. నేలపై నిలుచున్నవాని క్రింద మట్టి, రాయి, గడ్డి ఉండును. ఇనుప ఓడలో పాదము క్రింద, వీపు వెనుక, చేతి ప్రక్కన అంతయు లోహము. తేమతోడను, చెమటతోడను తడిసిన లోహము. దీనికి తోడు ఆ కాలపు వర్తకపు ఓడలు కొన్నిటిలో ఖర్చు తగ్గునని ఒక తీగనే పరచి, తిరుగుదారిగా ఓడ దేహమునే వాడుకొన్నారు. రాగి సగము మిగిలినది. కాని ఓడ అంతయు విద్యుత్ మార్గమైనది. ఎక్కడ తుప్పు పట్టిన అతుకున్నదో అక్కడ చిక్కు. ఆ ప్రవాహము దిక్సూచి ముల్లును సైతము ప్రక్కకు లాగగలదు. నడిసముద్రమున దారి చూపు ముల్లు దీపము వెలిగినపుడొక దిక్కు, ఆరినపుడొక దిక్కు చూపినచో కెప్టెను గతి యేమి? కనుక దిక్సూచి దగ్గర రెండు తీగలును ప్రక్కప్రక్కన నడపవలసి వచ్చినది.

మనిషికి కలుగు హాని ఇట్లుండగా లోహమునకు కలుగు హాని మరియొకటి కలదు. దాని కథ దీపముకంటె, డైనమోకంటె, బ్యాటరీకంటెను పాతది. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు అలారం అను ఓడకు, కొయ్యను తొలుచు సముద్రపు పురుగులనుండి కాపాడుటకై, అడుగున రాగిరేకులు తొడిగినారు. ఓడ వెస్టిండీసు పోయి వచ్చినది. 1763లో రేవునకు తెచ్చి చూడగా పురుగు రాలేదు గాని రేకులు కొన్నిచోట్ల ఊడిపోయినవి. వానిని బిగించిన ఇనుప మేకులు నానిన పిండివలె కరగిపోయినవి. అయితే కొన్ని మేకులు మాత్రము చెక్కు చెదరలేదు. ఎందుచేతననగా, రేకులు చుట్టి వచ్చిన మందపు కాగితము కొన్నిచోట్ల తీయకుండనే పనివారు మేకులు కొట్టినారు. ఇనుమునకును రాగికిని నడుమ కాగితము అడ్డున్నచోట మేకు బ్రదికినది. పనివాని సోమరితనము ఒక శాస్త్రసత్యమును బయటపెట్టిన సందర్భములలో ఇదియొకటి.

కారణము ఆనాడు ఎవరికిని తెలియదు. రెండు వేరు లోహములను తడి పదార్థముతో కలిపినచో విద్యుత్తు పుట్టునని వోల్టా 1800లో చూపిన తరువాత గాని చిక్కు వీడలేదు. ఉప్పునీటిలో రాగి, ఇనుము తాకినచో ఓడ అడుగే ఒక బ్యాటరీ అగును. ఇనుము తాను కరగి రాగిని కాపాడును. 1824లో సర్ హంఫ్రీ డేవీ దీనినే మందుగా మార్చినాడు. సమరాంగ్ అను ఓడ రాగి అడుగునకు పోత ఇనుప దిమ్మెలు బిగించినాడు. ఇనుము బలియై రాగి నిలిచినది. డేవీ చెప్పినది అక్షరాల నిజమైనది. ఫలితము చూడగా ఓడ అడుగున నాచు, గవ్వల పురుగులు గుంపులుగా అతుక్కొని ఓడ నడక మందగించినది. రాగి కరగునపుడు వెలువడు విషమే ఇంతకాలము వానిని దూరముగా నుంచినదట! 1825లో నౌకాదళమువారు ఆ పద్ధతిని విడిచిపెట్టినారు. కాని దిమ్మె పోలేదు. నేడు పడవల అడుగున, ముఖ్యముగా మోటారు చక్రము దగ్గర, కనబడు జింకు దిమ్మెలు డేవీ ఇనుప దిమ్మెలకు మనుమలే.

ఈ జింకు దిమ్మెలకు నేటి రేవులలో ఒక విచిత్రమైన కష్టము వచ్చినది. ఒడ్డున కట్టిన పడవలన్నియు ఒడ్డునుండి తీగ తెచ్చుకొని కరెంటు వాడుకొనును. ఆ తీగలోని ఎర్తు ఈ పడవ అడుగు లోహమును ఆ పడవ అడుగు లోహముతో కలుపును. అంతట నా జింకు పొరుగు పడవ రాగిని కాపాడుచు కరగుచుండును. మన బియ్యము పొరుగింట ఉడికినట్లు. చిన్న ఒత్తిడిని ఆపి, ప్రమాదపు ప్రవాహమును మాత్రము పోనిచ్చు డయోడ్ల పెట్టెను ఎర్తు తీగలో పెట్టి ఈ దొంగతనమును అరికట్టుచున్నారు. సొంత జనరేటరుతో నడినీటిలో లంగరు వేసిన పడవకు ఈ పొరుగు బాధ లేదు. దానికి బాధ వేరు.

చేతితో మోసికొనిపోదగిన జనరేటరు సామాన్యుని చేతికి వచ్చినది పెద్దకాలము క్రిందట కాదు. జపానులో హోండావారు ఇ-300 అను 300 వాట్ల చిన్న యంత్రమును 1965లో తెచ్చినారు. తరువాత ఇట్టివి ఎన్నో వచ్చి, చిన్న పడవల యజమానులకు క్రొత్త ఆశ పుట్టించినవి. ఒడ్డు కరెంటునకై పడవకు బిగించిన ప్లగ్గులోనే జనరేటరు తీగను కూర్చినచో పడవ అంతయు వెలుగును. అంత మాత్రము నిజమే.

కాని మూడు సంగతులు చూడవలెను. మొదటిది, ఒడ్డు కరెంటు, జనరేటరు ఒకేమారు తగులరాదు. ఛేంజోవరు స్విచ్చి, అదియు రెండు తీగలను కలిపి తెంచునది, ఇందుకే. స్విచ్చి ఖర్చునకు వెనుదీసి రెండు కొనలకును ముళ్ల ప్లగ్గులున్న తీగతో పడవలోని ఏదో సాకెట్టులోనికి కరెంటు ఎక్కించువారున్నారు. ఒక కొన ఊడిన క్షణమున చేతిలో మిగులునవి నిండు కరెంటున్న ఇత్తడి ముళ్లు. దీనికంటె అవివేకము మేము ఎరుగము.

రెండవది తిరుగుదారి. ఇంటి కరెంటులో ఒక తీగను మొదటనే నేలతో కలిపియుందురు, అదియే న్యూట్రలు. చేతి జనరేటర్లు అనేకములలో ఏ తీగయు యంత్రపు చట్రముతో కలిసియుండదు. ఒక్క దీపము వెలిగించువానికి ఇది మేలే. ఒక తీగను తాకినను తిరుగుదారి లేదు. ఊరేగింపులో పొడి రాత్రులందు ఎవరికిని ఏమియు కాకుండుటకును, తీగ తడిసి నేలకు కారిన రాత్రి మావాడు అదిరిపడుటకును ఇదియే కారణమని ఇప్పుడు ఊహించుచున్నాము. పడవలో పది పరికరములు కలిపినపుడు ఒకదానిలో తీగ ఊడి లోహమునకు తగిలినను ఫ్యూజు పోదు, ఎవరికిని తెలియదు. రెండవ లోపము కలిగినప్పుడు నడుమ మనిషి ఉండును. కనుకనే 1954లో ఏర్పడిన అమెరికను బోట్ అండ్ యాట్ కౌన్సిల్ నియమములలో న్యూట్రలును ఎర్తును విద్యుత్తు పుట్టుచోటనే కలుపవలెనని ఉన్నది, అక్కడ మాత్రమే. మరియొకచోట కూడ కలిపినచో తిరుగు ప్రవాహము చీలి కొంత ఎర్తు తీగలో, కొంత అడుగు లోహములో, కొంత నీటిలో నడచును. మంచినీటిలో ఇది మరింత అపాయము. ఆ నీటికంటె మనిషి ఒంటిలోని ఉప్పునీరు విద్యుత్తునకు సుగమమైన దారి, ఈదువాడు దారియగును.

పోయిన ప్రవాహమంతయు తిరిగి వచ్చినదా లేదా అని నిరంతరము లెక్క చూచు సాధనమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చార్లెస్ డాల్జియెల్ 1961లో రూపొందించినాడు. ఎంత ప్రవాహమువద్ద మనిషి చేయి తీగను విడువలేకపోవునో ఆయన అంతకుముందే కొలిచినవాడు. ఆంపియరులో వేయింట అయిదు వంతులు తప్పిపోయినను అది కరెంటును ఆపివేయును. ఆ లెక్క సరిగా జరుగుటకు న్యూట్రలు కలయిక సరియైనచోట ఉండవలెను.

మూడవ సంగతి తీగలో లేదు, గాలిలో ఉన్నది. అమెరికాలో పవెల్ సరస్సుపై 2000 ఆగస్టులో ఇద్దరు చిన్న అన్నదమ్ములు ఇంటిపడవ వెనుక నీటిలో ఆడుకొనుచు మరణించినారు. మొదట అందరు మునిగిపోయినారనుకొన్నారు. వారిని చంపినది జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. పొగగొట్టము పడవ వెనుక మెట్టు క్రిందికి తెరచియున్నది. అధికారులు విచారించి, అట్టి గొట్టములున్న పడవలను మార్పించి, గొట్టమును నిలువుగా కప్పుపైకి తీసికొనిపోవు పద్ధతిని పరీక్షించి మేలని చెప్పినారు.

చేతి జనరేటరునకు ఆ నిలువు గొట్టము లేదు. లంగరు వేసిన పడవ సామాన్యముగా ముక్కును గాలికెదురుగా త్రిప్పి నిలుచును. కావున వెనుక డెక్కుపై పెట్టినచో పొగ దూరముగా పోవునని తోచును. కాని పడవ వెనుక గాలి సుడి తిరిగి పొగను మరల గదిలోనికి తెచ్చును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది పడవ అడుగుకు దిగి, స్విచ్చి నిప్పురవ్వకై వేచియుండును. అందుచేత తెలిసినవారు యంత్రమును ఆర్పి, చల్లారనిచ్చి, డబ్బాను ఒడ్డుకు తీసికొనిపోయి పెట్రోలు పోయుదురు. పడుకొను గదిలో ఆ వాయువును పసిగట్టు గంట బిగింతురు. రాత్రి నిద్రకు ముందు జనరేటరును ఆపి, మిగిలిన వెలుగునకు బ్యాటరీతో సరిపెట్టుకొందురు.