భాషాబోధనమును మనస్తత్వశాస్త్రమును

బాలునకు పాఠము రాకున్న దోషము బాలునిదే యను నమ్మకము మన యిండ్లలో చిరకాలముగా పాతుకొనియున్నది. ఉపాధ్యాయుడు వానిని మందబుద్ధి యనును. తండ్రి సోమరి యనును. తల్లి గ్రహచారమని కన్నీరు నించును. నేర్పిన తీరు ఎట్టిదని యడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్న నడిగినవారి చరిత్రను ఇచ్చట కొంత విచారింతము.

మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచు, అమరము వల్లించుచు, నేర్చినదానిని మరునాడు అప్పగించుచు నుండెడివారు. ఆ పద్ధతిలో బెత్తము దోషము. అర్థమెరుగని వల్లెవేతయు దోషమే. కాని పాత పాఠమును దినదినము మరల చెప్పించుట దోషము కాదు. ఈ సంగతిని ప్రయోగపూర్వకముగా నిరూపించినవాడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను జర్మను పండితుడు. 1885లో ఆయన ప్రకటించిన పరిశోధనలో శిష్యుడును తానే, పరీక్షకుడును తానే. అర్థములేని అక్షరకూటములను వరుసలుగా కూర్చి కంఠస్థము చేసి, కొంతకాలమునకు వానిని మరల నేర్చునప్పుడు ఎంత శ్రమ కలిసివచ్చెనో ఆయన లెక్కించెను. గంట గడచునప్పటికే ఆ లాభము సగమునకు తక్కువయ్యెను. ఒక దినమునకు మూడవవంతును, నెలకు అయిదవవంతును మాత్రమే మిగిలెను. మరియు, 12 కూటముల వరుసను ఒక్కనాడే 68 మారులు చదువగా కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 మారులు చదివినను కలిగెను.

మరచుట బుద్ధిహీనత కాదనియు, మనస్సునకు సహజధర్మమనియు దీనివలన తేలినది. నిన్నటి పద్యమును నేడు అప్పగింపలేని బాలునిచే గోడకుర్చీ వేయించుట, వేసవిలో చెరువెండినదని గట్టును కొట్టుటవంటిది.

అయినను, ఇట్టి విశేషములు తెలిసినంతనే ఉపాధ్యాయుడు సమర్థుడగునా? కాడని ముందుగానే హెచ్చరించినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి విలియం జేమ్స్. మనస్తత్వశాస్త్రమునుగూర్చి 1892లో కేంబ్రిడ్జి పురపు ఉపాధ్యాయులకు ఆయన చేసిన ఉపన్యాసములు 1899లో గ్రంథరూపమున వెలువడెను. మనస్తత్వము శాస్త్రమనియు, బోధనము కళయనియు, శాస్త్రమునుండి కళ తనంత తాను పుట్టదనియు, ఆ రెంటినడుమ స్వయముగా ఆలోచించు ఉపాధ్యాయుని బుద్ధి ఉండవలెననియు ఆయన అభిప్రాయము. ఈ మాట ఉపాధ్యాయుని తగ్గించునది కాదు. వాని భారమును పెంచునది.

ఆ నడుమనున్న పనిని ఉపాధ్యాయులచేతనే చేయింపజూచినవాడు హెరాల్డ్ పామర్ అను ఆంగ్లేయుడు. ఆయన 1922లో జపాను దేశమునకు పోయి, మరు సంవత్సరమున టోక్యోలో ఆంగ్లబోధన పరిశోధనాసంస్థను నెలకొల్పెను. బిడ్డ మాటలాడుటకు పూర్వము నెలలతరబడి వినునుగదా. అట్లే శిష్యుడును మొదట విని, పిమ్మట పలికి, అటుపై చదివి వ్రాయవలెనని ఆయన మతము. అయితే ఆ సంస్థ పద్ధతి నుపదేశించి యూరకుండలేదు. బడులలో పనిచేయు ఉపాధ్యాయులను ఏటేట ఒకచోట కూర్చి, వారి కొరకు పత్రిక నడపి, వారి ప్రయోగములను చర్చకు తెచ్చెను. పామర్ 1936లో జపానును విడిచెను; కాని ఉపాధ్యాయుడును నిత్యవిద్యార్థియే యను సూత్రమును ఆచరణలో చూపి పోయెను.

ఇట్టి యుపాధ్యాయుడు మనకును లేకపోలేదు. గిడుగు వేంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరిరి. ఆ చుట్టుపట్ల కొండలలోని సవరలకు తమ భాషయందు చదువు లేదు. తెలుగునకు చుట్టరికములేని ఆ భాషను ఆయన సవరల నోటనే విని నేర్చి, దానిలో వాచకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. సవర భాషనుగూర్చిన ఆయన గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను ప్రకటితములయ్యెను. పండితుడే సవరల చెంత శిష్యుడుగా కూర్చున్నందున, పరభాషలో పాఠము విను బాలుని దిగ్భ్రమ యెట్టిదో ఆయనకు తెలిసినది. పిమ్మట పాఠశాలల పరీక్షాధికారి జె. ఏ. యేట్స్ దొర, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత భేదమేల యని ప్రశ్నించినప్పుడు, రామమూర్తిగారును గురజాడ అప్పారావుగారును ఆ ప్రశ్నను ఉద్యమముగా మార్చిరి. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనను బోధనధర్మమే దానికి మూలము.

వీరిలో ఎబింగ్‌హౌస్ తన మరపును తానే కొలుచుకొనెను. రామమూర్తిగారు ఉపాధ్యాయులై యుండియు శిష్యులైరి. నేర్చుకొనుటలోని కష్టమును తానెరిగినవాడే యితరునికి నేర్పగలడని వీరి చరిత్ర బోధించుచున్నది. శిక్షణపత్రము చేతికి వచ్చినతోడనే ఉపాధ్యాయుని చదువు ముగిసినదని తలచు సమాజము తన బిడ్డలకే అపకారము చేసికొనుచున్నది. ఉపాధ్యాయునకు చదువుకొనుటకు తీరికయు, తోడివారితో కలిసి విచారించుటకు అవకాశమును కల్పించుట ప్రభుత్వముయొక్కయు, ప్రజలయొక్కయు విధి. గృహమున తల్లిదండ్రులు చేయదగినది మరియొకటి కలదు: పాఠము రాని బిడ్డను మందుడని పిలుచుటకు ముందు, వానికి దాని నెవరు, ఏ మాటలతో, ఎన్నిమారులు చెప్పిరో విచారింతురుగాక.